స్టూడియో ఫ్లాష్ లైట్లను కెమెరాకు కలపడం ఎలా: హాట్ షూ నుంచి పెళ్లి స్టేజీ దాకా

కొత్తగా స్టూడియో లైట్ల కిట్ కొన్నవాళ్లకు స్టాండ్లు నిలబెట్టడం, సాఫ్ట్‌బాక్స్ బిగించడం పెద్ద కష్టం కాదు. అసలు టెన్షన్ కెమెరా చేతిలోకి తీసుకున్నాక మొదలవుతుంది. షట్టర్ నొక్కితే లైటు కొట్టదు. లేదా కొడుతుంది, ఫొటో మాత్రం నల్లగా వస్తుంది. లేదా ఫొటోలో ముప్పావు వంతు శుభ్రంగా ఉండి, ఒక అంచున నల్లటి పట్టీ పడుతుంది. మూడూ ఒకే తలనొప్పిలా కనిపిస్తాయి గానీ మూడింటి కారణాలూ వేరు. అడిగితే చాలామంది “ట్రిగ్గర్ మార్చి చూడండి” అంటారు. ట్రిగ్గరంటే కెమెరా సంకేతాన్ని రేడియో ద్వారా లైటుకు పంపే చిన్న పరికరం. తరచూ మార్చాల్సింది ట్రిగ్గర్ కాదు, కెమెరా మెనూలో ఒక లైను.

ఇక్కడ చెప్పేది గోడాక్స్, సింపెక్స్, డిజిటెక్, ఎలింక్రోమ్ లాంటి కంపెనీల స్టూడియో ఫ్లాష్‌ల గురించి. నిరంతరం వెలిగే ఎల్‌ఈడీ వీడియో లైట్లకు ఈ గొడవ లేదు. వాటిని కెమెరాకు కలపాల్సిన పనే ఉండదు.

కెమెరా చేసే పని ఒక్కటే

ముందు ఒక విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. మామూలు స్టూడియో ఫ్లాష్‌కు కెమెరా “ఇంత వెలుగు ఇవ్వు” అని చెప్పదు. “ఇప్పుడు” అని మాత్రమే చెబుతుంది. కాలింగ్ బెల్ స్విచ్ ఎలాగో ఇదీ అంతే: నొక్కితే మోగుతుంది, ఎంత గట్టిగా మోగాలో స్విచ్‌కు తెలియదు. షట్టర్ పూర్తిగా తెరుచుకున్న క్షణంలో కెమెరా లోపల రెండు కాంటాక్టులు కలుస్తాయి. ఆ కలయిక వైరు మీదుగానో రేడియో మీదుగానో లైటుకు చేరుతుంది. లైటులోని కెపాసిటర్లు దాచుకున్న విద్యుత్తు ట్యూబ్‌లోకి ఒక్కసారిగా వెళ్తుంది. ఆ మెరుపు ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు.

కాబట్టి ఏ ఇబ్బంది వచ్చినా మూడే ప్రశ్నలు. సంకేతం కెమెరా నుంచి బయల్దేరిందా? లైటుకు చేరిందా? సరైన సమయానికి చేరిందా? లైటు అసలు కొట్టకపోతే మొదటి రెండింటిలో తేడా ఉంది. లైటు కొట్టి కూడా ఫొటోలో రాకపోతే మూడోదానిలో ఉంది.

మొదటి దశ: కెమెరా నెత్తిమీద ఏముందో చూడండి

కెమెరా పైన ఫ్లాష్ తొడిగే గాడిని హాట్ షూ అంటారు. దాని మధ్యలో గుండ్రటి లోహపు చుక్క ఉంటుంది. “ఇప్పుడు” అనే సంకేతం వెళ్లేది దానిలోంచే. పక్కనున్న పట్టాలు గ్రౌండ్. మధ్య చుక్క చుట్టూ ఉండే చిన్న చుక్కలు టీటీఎల్ మాటలకు, అంటే కెమెరా, అదే కంపెనీ ఫ్లాష్ ఎంత వెలుగు కావాలో మాట్లాడుకోవడానికి. కంపెనీని బట్టి చిన్న చుక్కల అమరిక మారుతుంది, మధ్య చుక్క మాత్రం దాదాపు అందరికీ ఒకే చోట ఉంటుంది. అందుకే ఒకే పిన్ను ఉన్న చవక ట్రిగ్గర్ కెనన్ మీదా నికాన్ మీదా పనిచేస్తుంది.

“దాదాపు” అన్నది ఊరికే కాదు. కెనన్ 1500డి, 3000డి, 200డి మార్క్ 2 కెమెరాల హాట్ షూలో ఆ మధ్య చుక్కను కంపెనీ తీసేసింది. మన దగ్గర నేర్చుకునేవాళ్లు ఎక్కువగా కొన్న కెమెరాలు ఇవే కావడం దురదృష్టం. వీటి మీద ఒక్క పిన్ను ట్రిగ్గర్ ఎన్ని పెట్టినా, ఎన్ని బ్యాటరీలు మార్చినా లైటు కొట్టదు. కెమెరా పాడవలేదు, ట్రిగ్గర్ పాడవలేదు, మధ్యలో దారే లేదు. వీటికి టీటీఎల్ పిన్నులతో కెమెరాతో మాట్లాడే కెనన్ రకం ట్రిగ్గర్ కావాలి. గోడాక్స్ వాటిలో కొన్ని ఈ కెమెరాలతో పనిచేస్తాయి, కొన్నిటికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాల్సి వస్తుంది. కొనేముందు మీ కెమెరా మోడల్ పేరు చెప్పి, కుదిరితే కెమెరా తీసుకెళ్లి షాపులోనే కొట్టించి చూసుకోండి.

కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. కెనన్ ఆర్50లో కొత్తరకం షూ ఉంది. పాత తరహా ఫ్లాష్, ట్రిగ్గర్ పెట్టాలంటే ఏడీ-ఈ1 అనే అడాప్టర్ కొనాలి. సోనీ జెడ్‌వీ-ఈ10 రెండో తరంలో మెకానికల్ షట్టర్ లేదు, ఫ్లాష్‌కు పనికిరాదు. మొదటి జెడ్‌వీ-ఈ10తో మాత్రం ఫ్లాష్ వాడుకోవచ్చు. వీడియో కోసం చేసిన కెమెరాను స్టూడియోకు కొనాలనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం తేల్చుకుని కొంటే మంచిది.

ఇక రెండో దారి పీసీ సాకెట్. పీసీ అంటే కంప్యూటర్ కాదు, ప్రోంటర్, కాంపూర్ అనే పాత జర్మన్ షట్టర్ల పేర్ల నుంచి వచ్చిన అక్షరాలు. కెమెరా పక్కన చిన్న మూత కింద గుండ్రటి రంధ్రంలా ఉంటుంది. కెనన్ 5డి మార్క్ 4, ఆర్5, నికాన్ డి850, సోనీ ఏ7ఆర్ 4 లాంటి పెద్ద కెమెరాల్లో ఉంటుంది. కెనన్ 6డి, నికాన్ డి750లో లేదు. లేకపోతే దిగులు పడక్కర్లేదు, హాట్ షూ మీద తొడిగే అడాప్టర్ దొరుకుతుంది.

రెండో దశ: లైటు వెనకవైపు

లైటు వెనక ప్యానెల్ మీద కరెంటు సాకెట్, ఫ్యూజు, పవర్ డయల్, మోడలింగ్ ల్యాంప్ (నీడలు ముందే చూసుకోవడానికి నిరంతరం వెలిగే బల్బు) స్విచ్, టెస్ట్ బటన్ ఉంటాయి. మనకు కావాల్సినవి మూడు. సింక్ అని రాసి ఉన్న జాక్ ఒకటి, కెమెరా సంకేతం వైరు మీదుగా లైటులోకి వచ్చేది ఇక్కడే. ఇది చాలా లైట్లలో హెడ్‌ఫోన్ జాక్ లాంటి 3.5 ఎంఎం, కొన్నిటిలో పాత మైకుల్లో చూసే లావు 6.35 ఎంఎం. వైరు కొనేముందు ఈ కొలత చూడకపోతే రెండుసార్లు షాపుకు తిరగాలి. రెండోది స్లేవ్ స్విచ్ (ఇంకో ఫ్లాష్ వెలుగు చూసి ఈ లైటు కొట్టేలా చేసేది), దాని పక్కనే చిన్న కన్ను లాంటి బుడిపె. మూడోది లోపలే ఉండే వైర్‌లెస్ రిసీవర్. ఉంటే డిస్‌ప్లే మీద ఛానల్, గ్రూప్ కనిపిస్తాయి.

కెమెరాతో పని పెట్టుకోకముందే టెస్ట్ బటన్ నొక్కి చూడండి. అప్పుడే కొట్టకపోతే మిగతా దశలన్నీ వృథా. ముందు ఫ్యూజు, ఆపైన మెకానిక్.

మూడో దశ: పాత లైటైతే వోల్టేజీ కొలవకుండా కలపొద్దు

నాన్నగారి కాలం నాటి స్టూడియో లైట్లు ఇంకా బాగా పనిచేస్తున్నాయని వాటినే డిజిటల్ కెమెరాకు కలిపేవాళ్లు చిన్న ఊళ్లలో ఉన్నారు. అందులో తప్పు లేదు. కానీ ఫిల్మ్ కెమెరాలో ఆ రెండు కాంటాక్టులు నిజంగానే లోహపు ముక్కలు, ఎంత వోల్టేజీ అయినా తట్టుకునేవి. డిజిటల్ కెమెరాలో ఆ పని చేసేది ఎలక్ట్రానిక్ స్విచ్. పాత లైట్లలో కొన్నిటి సింక్ జాక్ దగ్గర 200 వోల్టులు, అంతకు మించి కూడా ఉంటుంది. ఈ తరం లైట్లలో అది 5 వోల్టుల దరిదాపుల్లోనే.

కొలవడం సులభం. మల్టీమీటర్‌ను డీసీ వోల్టులలో పెద్ద రేంజిలో పెట్టండి. లైటు ఆన్ చేసి రెడీ లైటు వెలిగేదాకా ఆగండి. సింక్ వైరును లైటుకు గుచ్చి, అవతలి కొసలో మధ్య పిన్నుకు ఎర్ర ప్రోబ్, బయటి వలయానికి నల్ల ప్రోబ్ ఆనించండి. రెండు లోహాలనూ చేత్తో తాకొద్దు. మీటర్ చూపించే అంకె మీ కెమెరా తట్టుకునేదానికంటే తక్కువ ఉండాలి. ఐఎస్ఓ 10330 అనే ప్రమాణం కెమెరా కనీసం 24 వోల్టులు తట్టుకోవాలంటుంది. నికాన్ తన మాన్యువళ్లలో 250 వోల్టులు దాటొద్దని, నెగెటివ్ వోల్టేజీ అసలు పెట్టొద్దని రాస్తుంది. కెనన్ తొలి డిజిటల్ కెమెరాలు కొన్నిటికి 6 వోల్టులే హద్దు అనేవారు. మీ కెమెరా మాన్యువల్లో ఉన్న అంకెనే నమ్మండి. అంకె దొరక్కపోతే 6 వోల్టులే హద్దు అనుకుంటే నష్టం లేదు.

ఎక్కువ వస్తే? వైరుతో కలపడం మానేసి రేడియో ట్రిగ్గర్ వాడండి. అప్పుడు ఆ వోల్టేజీ తగిలేది రిసీవర్‌కు, కెమెరాకు కాదు. రిసీవర్‌కూ ఒక హద్దు ఉంటుంది, దాని పెట్టె మీద చూసుకోవాలి. వెయిన్ సేఫ్ సింక్ లాంటి వోల్టేజీ తగ్గించే అడాప్టర్లూ ఉన్నాయి. నన్నడిగితే, సింక్ వోల్టేజీ వందల్లో ఉన్న లైటును స్లేవ్ లైటుగా బ్యాక్‌గ్రౌండ్ మీదకు పంపేసి, ముందు లైటు కొత్తది కొనుక్కోవడం మేలు. స్లేవ్‌గా వాడితే దానికీ కెమెరాకూ వైరు బంధం ఉండదు.

నాలుగో దశ: మూడు దారుల్లో ఒకటి ఎంచుకోండి

*సింక్ వైరు.* చవక, బ్యాటరీ అక్కర్లేదు, పక్క స్టూడియో సిగ్నల్ గోల లేదు. కెమెరా పీసీ సాకెట్‌లో గానీ హాట్ షూ అడాప్టర్‌లో గానీ ఒక కొస, లైటు సింక్ జాక్‌లో రెండో కొస. అంతే. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి వస్తువుల ఫొటోలు తీసేవాళ్లకు, ఒకే కుర్చీలో కూర్చోబెట్టి పాస్‌పోర్ట్ ఫొటోలు తీసేవాళ్లకు ఇది చాలు. కానీ మనిషి అటూ ఇటూ తిరుగుతూ తీసే చోట వైరు కాళ్లకు తగులుతుంది, లైటు స్టాండుతో సహా కింద పడుతుంది. పీసీ సాకెట్‌లో వైరు వదులవడం కూడా మామూలే.

*రేడియో ట్రిగ్గర్.* ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఇదే. ట్రాన్స్‌మిటర్ హాట్ షూ మీద, రిసీవర్ లైటుకు లేదా లైటు లోపల. చవక రకాలు 433 మెగాహెర్ట్జ్ మీద, నాలుగో పదహారో ఛానళ్లతో వస్తాయి. ఛానల్ మార్చడానికి పక్కన చిన్న తెల్లటి స్విచ్‌లు ఉంటాయి, రెండు ముక్కల్లోనూ అవి ఒకేలా పైకీ కిందికీ ఉండాలి. గోడాక్స్ ఎక్స్‌ప్రో, ఎక్స్2టి లాంటివి 2.4 గిగాహెర్ట్జ్ మీద 32 ఛానళ్లతో పనిచేస్తాయి. కెమెరా దగ్గరి నుంచే ఒక్కో లైటు పవర్ మార్చుకోవచ్చు. ఎత్తులో పెట్టిన లైటు పవర్ తగ్గించడానికి ప్రతిసారీ స్టూలెక్కే బాధ తప్పుతుంది. కొత్తగా కొనేవాళ్లు లైటు, ట్రిగ్గర్ ఒకే కంపెనీవి తీసుకుంటే ఈ సౌకర్యం దక్కుతుంది. డబ్బు ఎక్కడైనా ఆదా చేయండి గానీ ట్రిగ్గర్ దగ్గర వద్దు.

కలిపే తీరు ఇది. ట్రాన్స్‌మిటర్‌ను హాట్ షూలో చివరిదాకా నెట్టి, కింది చక్రం బిగించండి. సగం దూరిన ట్రిగ్గర్ మధ్య చుక్కను తాకదు. సోనీ షూలో ముందువైపు సన్నని పిన్నులుంటాయి, కాబట్టి బలవంతం చేయకుండా తిన్నగా తొయ్యాలి. తర్వాత లైటులో వైర్‌లెస్ ఆన్ చేసి, ఛానల్ అంకె ట్రాన్స్‌మిటర్‌లో ఉన్నదే పెట్టండి. ముఖం మీది లైటుకు గ్రూప్ ఎ, బ్యాక్‌గ్రౌండ్‌కు గ్రూప్ బి ఇవ్వండి. ఐడీ అనే మరో అంకె ఉంటే అదీ రెండు చోట్లా ఒకటే ఉండాలి. ఛానల్ కలిసినా ఐడీ కలవక గంటలు పోగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. ట్రాన్స్‌మిటర్ టెస్ట్ బటన్ నొక్కితే లైటు కొట్టిందంటే ఈ దశ పూర్తయినట్టే.

*స్లేవ్ కన్ను.* లైటు మీది కన్ను ఇంకో ఫ్లాష్ వెలుగు చూడగానే తానూ కొడుతుంది. కెమెరా సొంత ఫ్లాష్‌తో కూడా కొట్టించవచ్చు, కానీ ఇక్కడొక మెలిక ఉంది. కెమెరా ఫ్లాష్ ఆటోలో ఉంటే అసలు వెలుగుకు ముందు కొలత కోసం చిన్న మెరుపు మెరుస్తుంది. స్లేవ్ దాన్నే చూసి తొందరపడి కొట్టేస్తుంది. షట్టర్ తెరుచుకునే వేళకు లైటు ఖాళీ. కంటికి ఫ్లాష్ కొట్టినట్టే ఉంటుంది, ఫొటోలో ఉండదు. నికాన్ డి5600 లాంటి కెమెరాల్లో సొంత ఫ్లాష్‌ను మాన్యువల్‌కు మార్చి పవర్ 1/32కు తగ్గిస్తే ముందు మెరుపు ఆగిపోతుంది. రెడ్ ఐ తగ్గించే సెట్టింగ్ కూడా తీసేయాలి. కెనన్ 1500డి లాంటి చిన్న కెమెరాల్లో ఆ మాన్యువల్ వెసులుబాటు లేదు. అప్పుడు ముందు మెరుపును పట్టించుకోకుండా రెండోదానికి కొట్టే స్లేవ్ మోడ్, సాధారణంగా ఎస్2 అని రాసి ఉంటుంది, మీ లైటులో ఉందేమో చూడండి.

ఐదో దశ: కరెంటు ఇచ్చే ముందు

లైటు ముందున్న ప్లాస్టిక్ టోపీ తీశాకే ఆన్ చేయండి. మోడలింగ్ ల్యాంప్ చాలా లైట్లలో 150 వాట్ల బల్బు. టోపీ అలాగే ఉంచి దాన్ని వెలిగిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది. ఫ్లాష్ ట్యూబ్‌ను వట్టి వేళ్లతో పట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటుకున్న చోట వేడికి గాజు దెబ్బతింటుంది. ట్యూబ్ మార్చాలంటే లైటు ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, చల్లారాక. లైటు లోపలి పెట్టె విప్పడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. ప్లగ్ తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు మిగిలి ఉండొచ్చు.

మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో గుచ్చే అలవాటు ఉంటే ఈ లైట్లతో మానుకోండి. కొట్టిన వెంటనే తిరిగి చార్జ్ అయ్యేటప్పుడు లైటు ఒక్క ఉదుటున ఎక్కువ కరెంటు లాగుతుంది. సన్నటి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మూడు లైట్లు, ఫ్యాను, ల్యాప్‌టాప్ పెడితే వైరు వేడెక్కడం ఖాయం.

ఆరో దశ: కెమెరాలో మార్చాల్సినవి

మోడ్ డయల్ ఎం మీద పెట్టండి. ఆటోలో కెమెరా గదిలోని మామూలు వెలుతురును చూసి లెక్క వేస్తుంది. రాబోయే ఫ్లాష్ సంగతి దానికి తెలియదు. ఐఎస్ఓ 100, ఆటో ఐఎస్ఓ ఆఫ్. అపర్చర్ ఎఫ్ 8. వైట్ బ్యాలెన్స్ ఫ్లాష్ గుర్తు మీద, లేదా 5500 కెల్విన్.

షట్టర్ స్పీడ్ దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కెమెరా సెన్సర్ ముందు రెండు తెరలుంటాయి. మొదటిది తెరుస్తుంది, రెండోది మూస్తుంది. స్పీడ్ ఒక హద్దు దాటితే మొదటి తెర పూర్తిగా తొలగకముందే రెండోది బయల్దేరుతుంది, సెన్సర్ మొత్తం ఒకేసారి తెరిచి ఉండే క్షణమే రాదు. సన్నటి చీలిక మాత్రమే సెన్సర్ మీదుగా జరుగుతుంది. ఫ్లాష్ కొట్టిన లిప్తలో చీలిక ఎక్కడుంటే అక్కడే వెలుగు పడుతుంది, మిగతాది నల్లటి పట్టీ. ఆ హద్దును సింక్ స్పీడ్ అంటారు. కెనన్ 1500డికి 1/200, 6డికి 1/180, నికాన్ డి850కి, సోనీ ఏ7 3కి 1/250. ఇది వైరుతో కలిపినప్పటి మాట. రేడియో ట్రిగ్గర్ సంకేతం చేరవేయడానికి కొంచెం సమయం తింటుంది. అందుకని 1/125 దగ్గర మొదలుపెట్టండి. పట్టీ లేకపోతే 1/160 చూడండి. అంతకుమించి లాభం కూడా పెద్దగా లేదు. గదిలో కదలికను ఆపి పట్టేది షట్టర్ కాదు, ఫ్లాష్.

తర్వాత, సైలెంట్ షట్టర్ లేదా ఎలక్ట్రానిక్ షట్టర్ ఆఫ్ చేయండి. చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో అది ఆన్‌లో ఉంటే హాట్ షూకు సంకేతమే వెళ్లదు. ముందురోజు గుళ్లో చప్పుడు కాకుండా ఫొటోలు తీసి, మర్నాడు స్టూడియోలో లైటు పాడైందనుకోవడం చాలామందికి జరిగేదే. కెనన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో లైవ్ వ్యూలో తీస్తుంటే అక్కడి సైలెంట్ షూటింగ్ ఆఫ్ చేయాలి. లేకపోతే వేరే కంపెనీ ఫ్లాష్ కొట్టదు. మెనూలో ఫ్లాష్ ఫైరింగ్ ఎనేబుల్ అయి ఉందో లేదో కూడా చూడండి.

మిర్రర్‌లెస్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు. ఎఫ్ 8, 1/125, ఐఎస్ఓ 100 పెట్టగానే స్క్రీన్ మొత్తం చీకటైపోతుంది. రాబోయే ఫొటో ఇలా ఉంటుందని, ఫ్లాష్ సంగతి తెలియని కెమెరా చూపిస్తున్న దృశ్యం అది. ఫొకస్ కూడా తడబడుతుంది. సోనీలో లైవ్ వ్యూ డిస్‌ప్లేను సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్‌కు మార్చండి. కెనన్ ఆర్ కెమెరాల్లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ డిసేబుల్, ఫ్యూజీలో మాన్యువల్ మోడ్ ఎక్స్‌పోజర్ ప్రివ్యూ ఆఫ్, నికాన్ జెడ్6, జెడ్7లలో అప్లై సెట్టింగ్స్ టు లైవ్ వ్యూ ఆఫ్. బయట తీసేటప్పుడు మళ్లీ వెనక్కి మార్చుకోవాలి కాబట్టి ఏదైనా బటన్‌కు కేటాయించుకోండి.

ఏడో దశ: మొదటి ఫొటో

ఉదాహరణకు రెండు లైట్లతో పాస్‌పోర్ట్ ఫొటో తీద్దాం. ముందు లైట్లు ఆఫ్ చేసి, ట్రిగ్గర్ కూడా ఆఫ్ చేసి ఒక ఫొటో తీయండి. అది పూర్తిగా నల్లగా రావాలి. వస్తే గదిలోని ట్యూబ్‌లైటు, కిటికీ వెలుతురు మీ ఫొటోలో కలవడం లేదని అర్థం. మనిషి ముఖంలో ఒక పక్క పచ్చగా కనబడుతోందంటే ఈ నల్ల ఫొటో పరీక్ష చేయలేదన్నమాటే.

ఇప్పుడు కుడి లైటు ఒక్కటే ఆన్ చేయండి. ముఖానికి 45 డిగ్రీల కోణంలో, కంటికి కాస్త పైన, మీటరున్నర దూరంలో. పవర్ 1/4. కొట్టి చూడండి. ఎక్కువైతే పవర్ 1/8కి. సగానికి తగ్గిస్తే ఒక స్టాప్ తగ్గుతుంది, అంటే వెలుగు సగమవుతుంది. దూరం రెట్టింపు చేస్తే రెండు స్టాపులు. పవర్ తగ్గించాక ఒకసారి టెస్ట్ బటన్ నొక్కాల్సిన లైట్లు ఉంటాయి. లోపల దాచుకున్న పాత విద్యుత్తు వదిలేస్తే గానీ కొత్త పవర్ అమల్లోకి రాదు. షట్టర్ స్పీడ్ మార్చితే ఫ్లాష్ వెలుగు మారదని ఇక్కడ ప్రత్యక్షంగా చూడొచ్చు: 1/125లో, 1/60లో తీసిన ఫొటోల్లో ముఖం ఒకేలా ఉంటుంది. ఫ్లాష్ వెలుగును అదుపు చేసేవి అపర్చర్, ఐఎస్ఓ, పవర్, దూరం.

సెకోనిక్ ఎల్-308 లాంటి ఫ్లాష్ మీటర్ ఉంటే పని తొందరగా అవుతుంది. లేకపోతే హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపించే గ్రాఫ్, చాలు. కెమెరా స్క్రీన్ మీద బొమ్మను చూసి వెలుగు అంచనా వేయొద్దు. చీకటి గదిలో అది ఉన్నదానికంటే ప్రకాశవంతంగా కనిపిస్తుంది.

కుడి లైటు కుదిరాక ఎడమది ఆన్ చేయండి. అన్నీ ఒకేసారి వెలిగించి తర్వాత సర్దుకుందామనుకుంటే ఏ నీడ ఏ లైటుదో తేలదు. రెండో లైటుకు రిసీవర్ లేకపోతే స్లేవ్ ఆన్ చేసి, దాని కన్ను మొదటి లైటును చూసేలా తిప్పండి. అన్ని లైట్లకూ రేడియో ఉంటే మాత్రం స్లేవ్ ఆఫ్‌లోనే ఉంచండి.

పెళ్లి స్టేజీ మీద

మన పెళ్లిళ్లలో స్టేజీకి అటూ ఇటూ అంబ్రెల్లా లైట్లు నిలబెట్టడం రివాజు. అక్కడ స్లేవ్‌తో నడిపితే అబ్బాయి తరఫు ఫొటోగ్రాఫర్ ఫ్లాష్‌కు, చుట్టాల కెమెరాల ఫ్లాష్‌లకు కూడా మీ లైట్లు కొడుతూనే ఉంటాయి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి మీ లైటు ఇంకా చార్జ్ అవుతూ ఉంటుంది. స్లేవ్ ఆపి రేడియో వాడండి. అవతలివాళ్లదీ అదే కంపెనీ ట్రిగ్గరైతే ముహూర్తానికి ముందే వెళ్లి వాళ్ల ఛానల్, ఐడీ అడిగి, మీది దూరపు అంకెకు మార్చుకోండి. ఛానల్ అంకెను 1 దగ్గరే వదిలేసేవాళ్లు ఎక్కువ, కాబట్టి గొడవంతా దాని మీదే ఉంటుంది. మీ వాళ్లే ఇద్దరు తీస్తుంటే ఇద్దరూ ఒకే ఛానల్ మీద ఉండొచ్చు గానీ ఒకరి వెనక ఒకరు వెంటవెంటనే కొడితే రెండో వ్యక్తికి చీకటి ఫొటో వస్తుంది. పవర్ తగ్గించి ఐఎస్ఓ 400, 800కు పెంచితే లైటు త్వరగా చార్జ్ అవుతుంది. జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు చార్జ్ అవడానికి ఎక్కువ సేపు పట్టొచ్చు. రెడీ బీప్ విన్నాకే నొక్కండి.

స్టాండ్ల కాళ్ల మీద ఇసుక సంచులు, కింద వైర్ల మీద టేపు తప్పనిసరి. పిల్లలు పరిగెత్తే చోటు అది.

అయినా కొట్టకపోతే

కెమెరా దగ్గర కాదు, లైటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి.

లైటు మీద టెస్ట్ బటన్ నొక్కండి. కొట్టలేదా, కరెంటు లేదా ఫ్యూజు. కొట్టిందా, ట్రాన్స్‌మిటర్ మీద టెస్ట్ బటన్ నొక్కండి. అప్పుడు కొట్టకపోతే ఛానల్, ఐడీ, గ్రూప్, బ్యాటరీ. చవక ట్రాన్స్‌మిటర్లలో వేసే 12 వోల్టుల చిన్న 23ఎ బ్యాటరీ నీరసించినా పైన ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. ట్రాన్స్‌మిటర్ టెస్ట్‌కు కొట్టి, షట్టర్‌కు కొట్టకపోతే తేడా కెమెరాకూ ట్రిగ్గర్‌కూ మధ్య ఉంది: షూలో సరిగ్గా దూరలేదు, సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంది, లేదా మధ్య చుక్క లేని కెమెరా. షూ కాంటాక్టులను పొడి మెత్తటి గుడ్డతో ఒకసారి తుడవండి.

లైటు షట్టర్‌తో పాటే కొట్టి ఫొటో పూర్తిగా నల్లగా ఉంటే ముందు మెరుపుకు స్లేవ్ మోసపోయిందేమో చూడండి. ఒక అంచున పట్టీ ఉంటే షట్టర్ స్పీడ్ తగ్గించండి. పది ఫొటోల్లో ఒకటి రెండు మాత్రమే చీకటిగా వస్తుంటే లైటు చార్జ్ కాకముందే నొక్కుతున్నారు, లేదా సంకేతం తెగుతోంది. వింతేమిటంటే మరీ దగ్గరగా ఉన్నా సంకేతం తడబడుతుంది. గోడాక్స్ ట్రిగ్గర్లలో దీనికోసమే దూరం సెట్టింగ్ ఉంది: ఒకటి 1 నుంచి 100 మీటర్లకు, ఇంకోటి 0 నుంచి 30 మీటర్లకు. చిన్న గదిలో తీసేవాళ్లు రెండోది పెట్టుకోవాలి.